ఆఫీసు క్యాబ్‌లో వేప్ తాగే టీమ్ లీడ్‌కి ఎలా చెప్పాలి?

మియాపూర్_మైథిలి · హైదరాబాద్

అందరికీ నమస్తే. గచ్చిబౌలిలో ఉద్యోగం, సెకండ్ షిఫ్ట్. రాత్రి పదకొండు దాటాక కంపెనీ క్యాబ్‌లో ఇంటికి వెళ్తాం. మొత్తం నలుగురం, ముందు సీట్లో మా టీమ్ లీడ్. బండి గేటు దాటగానే ఆయన జేబులోంచి వేప్, అదే ఈ-సిగరెట్, తీస్తారు. ఏసీ వేసి ఉంటుంది, అద్దాలన్నీ మూసి ఉంటాయి. ముందు మామిడిపండు వాసన వస్తుంది, వెంటనే నాకు గొంతులో గరగర మొదలవుతుంది. చిన్నప్పటి నుంచీ ఆస్తమా ఉంది నాకు. చాలా రాత్రులు ఇంటికెళ్లి ఇన్‌హేలర్ పీల్చుకున్నాకే పడుకుంటున్నాను.

మొన్న నా వైపు అద్దం కొంచెం దించాను. "ఏసీ పోతుంది మైథిలీ, ఇది సిగరెట్ కాదు, వట్టి ఆవిరి" అన్నారు. పక్కనున్న ఇద్దరూ ఫోన్లు చూసుకుంటూ ఉండిపోయారు. డ్రైవర్ అన్న అద్దంలోంచి నన్ను ఒకసారి చూసి ఊరుకున్నాడు.

ఆయన చెడ్డమనిషి కాదు. సిగరెట్ మానడానికే ఇది పట్టుకున్నానంటారు. పనిలో బాగా సాయం చేస్తారు. కానీ ఇది అప్రైజల్ నెల, రేటింగ్ ఆయన చేతిలో ఉంది. గొడవ లేకుండా ఎలా చెప్పాలి? ఇది నిజంగా ఆవిరేనా? అసలు మన దగ్గర ఇది నిషేధం కదా, మరి ఇంత ధైర్యంగా ఎలా తాగుతున్నారు?

బెజవాడ_వకీలు · విజయవాడ

మైథిలి గారూ, ముందు చట్టం సంగతి. 2019 సెప్టెంబర్‌లో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, అదే ఏడాది డిసెంబర్‌లో అది చట్టమైంది. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధమే. నికోటిన్ ఉన్నా లేకపోయినా, ఈ-హుక్కా అయినా అందులోకే వస్తుంది. అమ్ముతూ మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. సరుకు నిల్వ పెట్టినా 6 నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా పడవచ్చు. కానీ తాగిన మనిషికి ఇంత శిక్ష అని ఆ చట్టంలో విడిగా రాయలేదు. మీ టీమ్ లీడ్ లాంటివాళ్ల ధైర్యం అక్కడి నుంచే వస్తోంది.

రెండోది, 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం. దాని కింద 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల నిబంధనలు అమలవుతున్నాయి. ఆఫీసులు, హోటళ్లు, ఆసుపత్రులు, ప్రజలు ప్రయాణించే వాహనాలు, రైల్వే స్టేషన్లు, బస్టాపులు అన్నీ వాటిలో ఉన్నాయి. జరిమానా 200 రూపాయల వరకు. పొగాకును ఏ రూపంలో తాగినా, ఏ పరికరంతో తాగినా ధూమపానమే అని అందులో ఉంది. నికోటిన్ పొగాకు నుంచి వచ్చిందే కాబట్టి వేప్ కూడా దీని కిందికి వస్తుందని నేను వాదిస్తాను. ఇందులో పొగాకు ఆకే లేదు కదా అని అవతలి వకీలు వాదిస్తాడు.

మీకు పనికొచ్చే మాట ఒకటుంది. ఫిర్యాదు చేసినా ఆ ప్రదేశం యజమానో మేనేజరో పట్టించుకోకపోతే జరిమానా వాళ్ల మీదకు వస్తుంది. ఎన్ని ఉల్లంఘనలు జరిగితే అన్నిటికీ వాళ్లే కట్టాలి. అందుకే కంపెనీలు దీన్ని తేలిగ్గా తీసుకోవు. పోలీసుల దాకా పోనక్కర్లేదు, మీ ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ చాలు.

కూకట్‌పల్లి_రవి · హైదరాబాద్

నేనూ వేప్ తాగుతాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తున్నా. పన్నెండేళ్లు సిగరెట్ తాగిన మనిషికి అది మానడం ఎంత కష్టమో తాగనివాళ్లకు తెలియదు. వేప్‌కి మారాక నాకు మెట్లెక్కితే ఆయాసం రావట్లేదు, మా ఆవిడ కర్టెన్లకు వాసన పట్టింది అనట్లేదు. బయట గచ్చిబౌలి రోడ్డు మీద డీజిల్ పొగ, దుమ్ము పీలుస్తూ, క్యాబ్‌లో నాలుగు దమ్ములకే ఊపిరాడలేదంటే నాకు అన్యాయంగా అనిపిస్తుంది. అడిగితే ఎవరైనా ఆపేస్తారు. ఆయన్ని ఒక్కమాట నేరుగా అడగండి చాలు.

ఊపిరి_డాక్టర్ · విశాఖపట్నం

ఛాతీ వైద్యం నా పని. రవి గారు అన్న దాంట్లో నిజం ఉంది, వదిలేసింది కూడా ఉంది. రెండూ చెప్తాను.

వేప్‌లో పోసే ద్రవం ప్రధానంగా ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్. వాటిలో నికోటిన్, ఫ్లేవర్లు కలుపుతారు. లోపలున్న చిన్న కాయిల్ వేడెక్కి ఆ ద్రవాన్ని సన్నటి తుంపరగా మారుస్తుంది. బయటికి వచ్చేది నీటి ఆవిరి కాదు. గ్లైకాల్, గ్లిజరిన్ చుక్కలు, వాటిలో నికోటిన్, ఫ్లేవర్ రసాయనాలు. కాయిల్ మరీ వేడెక్కితే ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటి హానికర రసాయనాలు కూడా పుడతాయి.

సిగరెట్‌తో పోలిస్తే పక్కవాళ్లకు చేరేది చాలా తక్కువ. సిగరెట్ వేళ్ల మధ్య ఊరికే కాలుతున్నా పొగ వదులుతూనే ఉంటుంది. వేప్‌లో మనిషి ఊదినప్పుడే పొగ బయటికి వస్తుంది, ఆ చుక్కలు కూడా త్వరగా గాలిలో కలిసిపోతాయి. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 2024లో అమెరికా పిల్లల రక్తపరీక్షల వివరాలు చూసి, ఇంట్లో వేప్ పొగ సోకిన పిల్లలకు చేరే నికోటిన్, సిగరెట్ పొగ సోకిన పిల్లలకంటే 80 శాతం పైగా తక్కువని తేల్చారు. అయితే ఏ పొగా సోకని పిల్లల కంటే మాత్రం ఎక్కువే ఉంది.

మైథిలి గారి సమస్య ఈ లెక్కల్లో ఇమడదు. ఆస్తమా ఉన్నవాళ్ల శ్వాసనాళాలు చిన్న చికాకుకే బిగుసుకుంటాయి. అగరుబత్తి, సెంటు, పోపు ఘాటు, వేప్ ఏదైనా చాలు. పైగా కారు చిన్న గది. ఏసీ రీసర్క్యులేషన్‌లో ఉంటే లోపలి గాలే మళ్లీమళ్లీ తిరుగుతుంది. డాష్‌బోర్డు మీద కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం గుర్తున్న బటన్ ఉంటుంది. అది ఆపేసి బయటి గాలి రానిమ్మని డ్రైవర్‌కి చెప్పండి. సమస్య తీరదు, కాస్త తగ్గుతుంది. ఇన్‌హేలర్ రోజూ వాడాల్సి వస్తోందంటే మాత్రం మీ డాక్టర్‌కి చూపించుకోండి. అది ఆలస్యం చేయొద్దు.

ఇంకో మాట. 2019లో అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని జనం చనిపోయారని వార్తలొచ్చాయి కదా. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువగా గంజాయి సారం నింపిన, విటమిన్ ఈ ఎసిటేట్ కలిపిన కార్ట్రిడ్జ్‌ల (వేప్‌కి తగిలించే ద్రవపు గొట్టాల) వల్ల జరిగింది అది. దాన్ని చూపించి ప్రతి వేప్ మనిషినీ భయపెట్టడం సరికాదు. కానీ మన దగ్గర దొంగచాటుగా వచ్చే సరుకులో ఏం కలిపారో చూసే నాథుడు లేడు. రవి గారూ, మీ క్షేమం కోరే చెప్తున్నాను.

మియాపూర్_మైథిలి

డాక్టర్ గారూ, ఆ బటన్ సంగతి నాకు తెలియదు, చాలా థాంక్స్. రవి గారూ, "నేరుగా అడగండి" అనడం సులువే. నా కింద పనిచేసే మనిషైతే నిన్ననే అడిగేదాన్ని. నా రేటింగ్ రాసే మనిషిని, ముగ్గురి ఎదుట, రాత్రి పూట బండిలో అడగాలి. తాగేముందు ఆయనే "మీకు ఇబ్బందా?" అని ఒక్కసారి అడిగి ఉంటే నాకు ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు.

రిటైర్డ్_కండక్టర్ · రాజమండ్రి

అమ్మా మైథిలీ, ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. నా సర్వీసులో సగం ఈ గొడవే. బస్సులో "పొగ త్రాగరాదు" అని బోర్డు ఉండేది, ఆ బోర్డు కిందే కూర్చుని బీడీ ముట్టించేవాళ్లు. బోర్డు చూపించి అరిస్తే ఎవడూ ఆర్పడు. నలుగురిలో తిట్టించుకున్న మనిషికి పౌరుషం వస్తుంది, ఇంకో బీడీ తీస్తాడు.

నేను చేసింది చెప్తాను. ముట్టించాక చెప్పేవాణ్ణి కాదు, చెయ్యి జేబులోకి పోతుండగానే దగ్గరికి వెళ్లేవాణ్ణి. టికెట్ చేతిలో పెట్టి, చిన్న గొంతుతో, "అన్నగారూ, మీ వెనక సీట్లో పసిపిల్లతో తల్లి ఉంది. రావులపాలెంలో బస్సు ఆపుతాం, అక్కడ దిగి తాపీగా తాగి రండి, నేను ఆగుతాను" అనేవాణ్ణి. ఆ ఊళ్లో ఆయన కోసం నిజంగానే ఆపేవాణ్ణి. ఈ మాట విని కాదన్నవాళ్లు నాకు బహు తక్కువ.

ఊరికే వద్దంటే మనిషికి కుదరదమ్మా. ఎవరికి ఇబ్బందో కంటికి కనిపించాలి, ఎక్కడ తాగొచ్చో కూడా మనమే చెప్పాలి. మీ సార్‌కి కూడా బండి ఎక్కేముందే చెప్పు. బండి కదిలాక చెప్పొద్దు.

బెజవాడ_వకీలు

కండక్టర్ గారి మాటకు ఒకటి కలుపుతాను. 1989 రైల్వే చట్టం 167వ సెక్షన్ తీసి చూడండి. పెట్టెలో వేరే ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పొగ తాగకూడదు అని ఉంటుంది, జరిమానా 100 రూపాయల వరకు. అంటే నోరు తెరవాల్సిన భారం ఇబ్బంది పడేవాడి మీద పెట్టారు. 2003 పొగాకు చట్టం వచ్చాక ఆ పద్ధతి మారి, ఎవరూ అడగకపోయినా తాగకూడదు అయింది. వేప్ దగ్గరికి వచ్చేసరికి జనం మళ్లీ పాత పద్ధతికే పోయారు. "ఎవరూ ఏమీ అనట్లేదుగా" అనే మాట దాని నుంచే వస్తోంది.

వరంగల్_స్రవంతి · హనుమకొండ

నాకు ఎప్పటి నుంచో అనిపించేది ఇక్కడ చెప్తాను. మనకు పొగ విషయంలో మర్యాద లేదని కాదు, చాలా గట్టిగా ఉంది. మా అన్నయ్య ఇప్పటికీ బాపు ఎదుట సిగరెట్ తాగడు. నలభై దాటినాయి, ఇద్దరు పిల్లలు, అయినా బాపు స్కూటర్ చప్పుడు వింటే వెనక గోడ దగ్గర పడేసి వస్తాడు. ఊళ్లో మేనమామ కనపడితే చెయ్యి వెనక్కి పోతుంది. అదే అన్నయ్య, కడుపుతో ఉన్న వదిన పక్కన కూర్చుని కారులో వేప్ తాగుతాడు, పైగా అద్దం కూడా దించడు. వదిన ఏమీ అనదు కాబట్టి.

మన మర్యాద అంతా పెద్దరికానికే. పెద్దవాళ్లు చూడొద్దు, అంతే. పక్కనున్న మనిషి ఊపిరి సంగతి ఆ మర్యాదలో ఎక్కడా లేదు. చిన్నవాళ్లు, ఆడవాళ్లు, కింది ఉద్యోగులు, డ్రైవర్లు, పనివాళ్లు వీళ్ల ముందు తాగడానికి ఎవరికీ సంకోచం ఉండదు. మైథిలి వాళ్ల క్యాబ్‌లో కంపెనీ డైరెక్టర్ ఎక్కితే ఆ వేప్ జేబులోంచి బయటికి వచ్చేదా? ఆ డ్రైవర్ అన్న రాత్రంతా ఎన్ని ట్రిప్పులు తోలుతాడో, ఎంతమంది పొగ పీలుస్తాడో, ఆయన్ని ఎవరైనా అడిగారా?

కూకట్‌పల్లి_రవి

స్రవంతి గారు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు, డ్రైవర్ మాట నిజమే. కానీ ఒక్కటి గమనించండి. తాగడానికి చోటే లేకపోతే మనిషి ఎక్కడికి పోవాలి? ఆఫీసులో స్మోకింగ్ జోన్‌కి వెళ్తే చుట్టూ సిగరెట్లే. వారం రోజులు అక్కడ నిలబడితే మళ్లీ సిగరెట్ చేతికి వస్తుంది. లండన్‌లో అయితే పబ్‌లో కూర్చుని వేప్ తాగనిస్తారని మా కజిన్ చెప్పాడు. అక్కడి ప్రభుత్వమే సిగరెట్ మాన్పించే కేంద్రాల్లో వేప్ ఇప్పిస్తుంది. మనమే దీన్ని దొంగచాటు వ్యవహారం చేశాం.

లెస్టర్_సుధాకర్ · ఇంగ్లండ్

రవి గారూ, మీ కజిన్ చెప్పింది సగమే. నేను ఇక్కడ సిగరెట్ మానింది వేప్‌తోనే, అందుకే వివరంగా రాస్తాను.

ఇంగ్లండ్‌లో 2007 జులై 1 నుంచి లోపలి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం నిషేధం. ఆ చట్టం వెలిగించి తాగేవాటికే. వేప్ సంగతి స్థలం యజమాని ఇష్టం. కొన్ని పబ్‌లు ఒప్పుకుంటాయి, చాలా చోట్ల ఒప్పుకోరు. లండన్ ట్యూబ్ (మెట్రో రైలు)లో, ప్లాట్‌ఫాం మీద, బస్సులో కూడా నిషేధమే. సినిమా హాల్లో తీస్తే బయటికి పంపుతారు. ప్రభుత్వం వేప్ ఇప్పించేది కూడా సిగరెట్ తాగే పెద్దవాళ్లకు, అది మానడానికి. సీసాలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, పద్దెనిమిదేళ్లు నిండాలి. 2025 జూన్ 1 నుంచి ఒకసారి వాడి పడేసే వేప్‌ల అమ్మకం ఆపేశారు. పిల్లల చేతుల్లోకి పోవడం, రోడ్ల మీద చెత్త, బ్యాటరీల వల్ల చెత్త లారీల్లో మంటలు, ఇవీ దానికి కారణాలు.

మీరు స్మోకింగ్ జోన్ గురించి అన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనది. 2016లో అప్పటి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ వాళ్లు ఆఫీసులకు సలహాలు ఇస్తూ ఇదే చెప్పారు. సిగరెట్ మానాలనుకునేవాణ్ణి సిగరెట్ తాగేవాళ్ల మధ్యకు తోయకండి, వేప్‌కి వేరే ఏర్పాటు చూడండి అని. మా ఆఫీసులో అడిగి సైకిల్ షెడ్ వెనక వేరే చోటు పెట్టించుకున్నాం. అడగాల్సింది అలాంటి చోటు. మూసిన కారు ఎప్పటికీ ఆ చోటు కాలేదు.

ఇక్కడ వేప్ తాగే నా మిత్రుల్లో పద్ధతి తెలిసినవాళ్లు ఏం చేస్తారంటే, ఇంకొకరి కారులో అసలు తీయరు. ఎవరింటికైనా వెళ్తే తోటలోకి నడుస్తారు. క్యూలో తాగరు. తలుపు దగ్గర నిలబడి ఊదితే పొగంతా లోపలికే పోతుంది కాబట్టి పక్కకు జరుగుతారు. పిల్లలు దగ్గరుంటే జేబులోంచి తీయరు, చూసి నేర్చుకుంటారని. వీటికి ఏ చట్టమూ అక్కర్లేదు.

మోడరేటర్

ఒక కొత్త సభ్యుడు హైదరాబాద్‌లో వేప్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు, ఇంకొకరు ఫోన్ నంబర్ పెట్టారు. రెండూ తీసేశాను. అమ్మకం నేరం, ఈ వేదికలో ఆ వివరాలు ఉండవు. చర్చ కొనసాగించండి.

తణుకు_టీచర్ · పశ్చిమగోదావరి

మైథిలీ, మెసేజ్ రాసి పెట్టడం మేలు. రాతపూర్వకంగా ఉంటే రేపు ఎవరూ మాట మార్చలేరు. ఇలా రాయి:

"సర్, క్యాబ్ గురించి చిన్న రిక్వెస్ట్. నాకు ఆస్తమా ఉంది. అద్దాలు మూసిన బండిలో వేప్ పొగ పడట్లేదు, ఇంటికెళ్లి ఇన్‌హేలర్ వాడాల్సి వస్తోంది. మీకు ఇబ్బంది లేకపోతే బండిలో తాగకుండా ఉండగలరా? సారీ సర్."

వరంగల్_స్రవంతి

టీచర్ గారూ, "సారీ" తీసేయండి, తప్పు చేసింది మైథిలి కాదు. "మీకు ఇబ్బంది లేకపోతే" కూడా వద్దు. ఇబ్బంది ఉంది అంటే ఈ పిల్ల ఏం చేయాలి?

రిటైర్డ్_కండక్టర్

తాగే చోటు కూడా చెప్పమ్మా అందులో. "ఎక్కేముందు గేటు దగ్గర తాగి రండి సర్, మేం ఆగుతాం" అని. అప్పుడు ఆ మెసేజ్ చదివితే ఆయనకు చిన్నతనంగా ఉండదు.

మియాపూర్_మైథిలి

ఇది పంపాను:

"సర్, క్యాబ్ గురించి ఒక మాట. నాకు ఆస్తమా ఉంది. అద్దాలు మూసి ఉన్నప్పుడు వేప్ పొగ పడట్లేదు, ఇంటికెళ్లి ఇన్‌హేలర్ వాడుతున్నాను. బండిలో తాగొద్దు సర్. ఎక్కేముందు గేటు దగ్గర మీరు తాగి వచ్చేదాకా మేం ఆగుతాం. థాంక్స్."

గంట తర్వాత "ఓకే, నోటెడ్" అని వచ్చింది. ఆ రాత్రి గేటు దగ్గర ఆగి తాగి వచ్చారు, బండిలో తీయలేదు. దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. మూడ్ బాగోలేదో, కోపమో తెలియదు. దిగేటప్పుడు డ్రైవర్ అన్న మాత్రం "మంచి పని చేసినవ్ అక్కా, నాకు కూడా తలనొప్పి లేస్తుండె, చెప్తే బండి తీసేస్తరని ఊకున్న" అన్నాడు. అది విన్నాక నిద్ర పట్టలేదు. ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కి కూడా రాస్తున్నాను, ఎవరి పేరూ పెట్టకుండా, ప్రతి క్యాబ్‌లో సిగరెట్, వేప్ రెండూ వద్దని స్టిక్కర్ వేయమని. డ్రైవర్ల తరఫున కూడా అడుగుతున్నానని రాశాను.

బెజవాడ_వకీలు

బాగా రాశారు. ఆ మెసేజ్, జవాబు స్క్రీన్‌షాట్ తీసి మీ సొంత మెయిల్‌లో దాచుకోండి. అప్రైజల్‌లో తేడా వస్తే అప్పుడు పనికొస్తుంది. రాకూడదనే కోరుకుంటున్నాను.

సింగపూర్_శీను

ఇక్కడి మాట కూడా తెలియాలి, మనవాళ్లు టూర్లకు వస్తుంటారు కాబట్టి. సింగపూర్‌లో 2018 ఫిబ్రవరి 1 నుంచి వేప్ కొనడం, దగ్గర ఉంచుకోవడం, తాగడం మూడూ నేరమే. మత్తుమందు ఎటోమిడేట్ కలిపిన వేప్‌లు కుర్రాళ్లలో పాకడంతో 2025 సెప్టెంబర్ 1 నుంచి శిక్షలు ఇంకా పెంచారు. పెద్దవాళ్లు మొదటిసారి పట్టుబడితే 700 సింగపూర్ డాలర్లు. టూరిస్టునని చెప్పినా వదలరు. ఇక్కడ ఎవరూ మర్యాద గురించి మాట్లాడుకోరు, వేప్ కనిపిస్తే ఫోన్ చేసి చెప్పేస్తారు. నాకు అది కూడా పూర్తిగా నచ్చదు. పక్కింటి కుర్రాడి మీద ఫిర్యాదు చేసేముందు వాళ్లమ్మతో ఒక మాట చెప్పడం నా అలవాటు.

నిజాంపేట_సెక్రటరీ · హైదరాబాద్

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీగా నాకూ ఇదే తలనొప్పి. లిఫ్టులో ఎవరో తాగుతున్నారు. పొద్దున్నే స్కూలుకెళ్లే పిల్లలు లిఫ్టు ఎక్కి "బబుల్‌గమ్ వాసన వస్తోంది అంకుల్" అంటున్నారు. పిల్లలకు ఆ వాసన నచ్చుతోంది, నా భయం అదే. సిగరెట్ వాసనైతే ముక్కు మూసుకునేవాళ్లు.

గత వారం పార్కులో ఊయల కింద పడేసిన వేప్ ఒకటి దొరికింది. హైలైటర్ పెన్ను అంత ఉంది, గులాబీ రంగు. రెండో అంతస్తు పాప, మూడేళ్లది, నోట్లో పెట్టుకోబోతుంటే వాచ్‌మన్ భార్య లాక్కుంది. సీసీ కెమెరా తిరగేసి మనిషిని పట్టుకుందాం అంటున్నారు కమిటీలో కొందరు. అలా పట్టుకుంటే ఆ ఇంటివాళ్లు జీవితాంతం మాట్లాడరు. ఏం చేయమంటారు?

ఊపిరి_డాక్టర్

సెక్రటరీ గారూ, ఆ వాచ్‌మన్ భార్యకు నా నమస్కారం చెప్పండి. నికోటిన్ ద్రవం చిన్నపిల్లల కడుపులోకి కొంచెం పోయినా ప్రమాదమే. వాంతులు, మూర్ఛ, ఊపిరి ఆగిపోవడం దాకా వెళ్లవచ్చు. ఎప్పుడైనా పిల్లలు నోట్లో పెట్టుకున్నట్టు అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నాలు చేయకండి, ఆ వస్తువు కూడా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. చర్మం మీద పడితే నీళ్లతో బాగా కడగండి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి తడి చెత్త, పొడి చెత్త డబ్బాల్లో వేయకూడదు, ఈ-వేస్ట్‌లో వేయాలి. కెమెరా కంటే ముందు ఒక నోటీసు పెట్టండి, అందులో ఈ పార్కు సంగతే మొదట రాయండి.

కూకట్‌పల్లి_రవి

పిల్లలు ఆడుకునే చోట పడేయడం మాత్రం క్షమించరానిది. తాగేవాళ్లమే ఇలాంటివాళ్లను నిలదీయాలి. కానీ కెమెరా తిరగేసి వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టకండి సెక్రటరీ గారూ. తాగేది పదహారేళ్ల పిల్లాడైతే వాడి పరువు, వాళ్ల నాన్న పరువు ఒక్క రోజులో పోతాయి. ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలియదు.

తణుకు_టీచర్

పదహారేళ్ల పిల్లాడే అవ్వచ్చు. మా స్కూల్లో పెన్నుల పెట్టెలో దొరికింది, నేను స్కెచ్ పెన్ అనుకున్నాను. తల్లిని పిలిచి ఒంటరిగా చెప్పాను. ఆవిడ కొట్టడానికి లేచింది, ఆపి కూర్చోబెట్టాను. వాడు నాతో అన్నది ఏంటంటే, "ఇంట్లో తాతయ్య చుట్ట తాగుతాడు, ఆయన్ని ఎవరూ అనరు టీచర్." పిల్లలకు మనం చెప్పేది వినపడదు, చేసేది కనపడుతుంది.

డల్లాస్_ప్రసాద్ · అమెరికా

వకీలు గారూ, ఒక ప్రశ్న. సంక్రాంతికి ఊరొస్తున్నాను. నాకు వేప్ అలవాటుంది. బావమరిది కూడా తనకు ఒకటి తెమ్మన్నాడు. తీసుకురావచ్చా?

బెజవాడ_వకీలు

వద్దండీ. దిగుమతి నిషేధంలో లగేజీలో తెచ్చుకునేది కూడా వస్తుంది, కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటారు. బహుమతి అన్నా అదే. ఇక విమానంలో అయితే వేప్ చెక్-ఇన్ బ్యాగులో పెట్టడం ఎక్కడా కుదరదు, బ్యాటరీ మంటల భయం. 2016 నుంచి అమెరికా విమానాల్లో వేప్ తాగడం కూడా చట్టప్రకారం నిషేధమే. సెలవులకు వచ్చేముందు మీ డాక్టర్‌ని అడిగి నికోటిన్ గమ్ తెచ్చుకోండి.

రైళ్లలో బాత్రూంలో తాగితే తెలియదనుకునేవాళ్లకు కూడా చెప్తున్నాను. 2023 ఆగస్టులో తిరుపతి–సికింద్రాబాద్ వందే భారత్‌లో ఒకతను టాయిలెట్లో పొగతాగితే అలారం మోగి, మంటలార్పే పొడి చిమ్మి, బండి మనుబోలు దగ్గర ఆగిపోయింది. పెట్టెలో జనం నిప్పంటుకుందని హడలిపోయారు. దట్టంగా వదిలిన వేప్ పొగకు కూడా అలాంటి డిటెక్టర్లు మోగుతాయి.

లెస్టర్_సుధాకర్

సెక్రటరీ గారూ, నోటీసు మాటకు వస్తే, "ధూమపానం నిషేధం" అని ఊరికే రాస్తే వేప్ తాగేవాడు తనకు కాదనుకుంటాడు. "సిగరెట్, బీడీ, వేప్" అని మూడూ రాయండి. కండక్టర్ గారు చెప్పినట్టు తాగే చోటు కూడా చూపించండి. లేకపోతే లిఫ్టులోంచి మెట్ల మీదికి మారతారు, అంతే.

నిజాంపేట_సెక్రటరీ

సరేనండీ, ఇలా రాశాను, చూడండి.

"మన పార్కులో వాడి పడేసిన వేప్ దొరికింది. పసిపాప నోట్లో పెట్టుకోబోయింది. అందులో నికోటిన్, బ్యాటరీ ఉంటాయి. లిఫ్టు, మెట్లు, పార్కు, సెల్లార్‌లో సిగరెట్, బీడీ, వేప్ తాగవద్దు. తాగేవారు టెర్రస్ మీద నీళ్ల ట్యాంకు పక్క మూలకు వెళ్లండి. అక్కడ మూత ఉన్న డబ్బా పెట్టాం. లిఫ్టులో ఎవరైనా తాగుతుంటే గొడవ పడకుండా వాచ్‌మన్‌కి కాదు, సెక్రటరీకి ఫోన్ చేయండి."

వాచ్‌మన్‌కి వద్దని ఎందుకు రాశానంటే, ఫ్లాటు ఓనరుకి చెప్పే ధైర్యం అతనికి ఉండదు, చెప్తే ఉద్యోగం పోతుందని భయం. స్రవంతి గారు డ్రైవర్ గురించి రాసింది చదివాకే ఆ మాట కలిపాను.

వరంగల్_స్రవంతి

బాగుంది సర్. ట్యాంకు పక్క మూల కింద ఎవరి ఫ్లాటు ఉంది? పొగ వాళ్ల బాల్కనీలోకి దిగుతుందేమో చూశారా?

నిజాంపేట_సెక్రటరీ

అయిదో అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు, ఒంటరిగా. ఆ వైపే ఆవిడ పడకగది కిటికీ. ఆదివారం మీటింగు కంటే ముందే వెళ్లి ఆవిడను అడుగుతాను. వద్దంటే డబ్బా జనరేటర్ గది వైపుకు మారుస్తాను, నోటీసు ఆ తర్వాతే అంటిస్తాను.